మూసినట్టే కనిపించిన విండో

"నా విండోలన్నీ మూసేసింది ఎవరండీ?"

రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులతో గుమ్మంలో నిలబడిన అమ్మాయి గొంతు అంత పెద్దదేం కాదు. కానీ అందులోని వేడి చూస్తే ఆ కాఫీలు ఇప్పట్లో చల్లారేలా లేవు.

బల్ల ముందు కూర్చున్న అతను తలెత్తాడు. అతని ఎదురుగా మూడు టాబ్లెట్లు తళతళా మెరుస్తున్నాయి. అప్పుడే మెత్తటి గుడ్డతో తుడిచాడు. తుడిచేముందు, రోజూ చేసే పనే, వాటిలో తెరిచి ఉన్న యాప్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా మూసేసి శుభ్రం చేశాడు.

"నేనేనండీ. తెరిచి వదిలేసి ఉంటేనూ..."

"వదిలేసి లేవు. పెట్టి ఉన్నాయి."

"అన్నీనా?"

"అన్నీ!"

"ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి కదాని, ఎవరో పిల్లలు ఆడుకుని వెళ్ళారనుకున్నాను."

"పొద్దున్నే వచ్చి సర్దుకున్నానండీ. ఏది ఎక్కడుండాలో, దేని పక్కన ఏది ఉండాలో చూసుకుని మరీ. కాఫీ కోసం కిందికి దిగి వచ్చేసరికి అద్దె కట్టనివాళ్ళ ఇల్లు ఖాళీ చేయించినట్టు చేశారు."

అతను మాట మార్చడానికి, "ఆ రెండో కాఫీ ఎవరికండీ?" అని అడిగాడు.

"ఇక్కడ నాతో కలిసి పనిచేయబోయే ఆయనకి. చాలా పద్ధతైన మనిషని ఎడిటర్ గారు చెప్పారు. ఇంకా వచ్చినట్టు లేడు."

"వచ్చాడండీ."

ఆమె అతన్ని చూసింది. కప్పుని చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. తర్వాత, తొందరేమీ లేకుండా, ఆ రెండో కప్పులోంచి కూడా ఒక గుక్క తాగింది.

సరిగ్గా అప్పుడే ఎడిటర్ గారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని తన గదిలోంచి బయటికి వచ్చారు. నెరిసిన జుట్టు, నిదానమైన మాట. ఎవరి మీదా అరవకుండానే అందరి చేతా పని చేయించే మనిషి.

"పరిచయాలయ్యాయా?"

"అయ్యాయి మేడమ్," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఇద్దరూ ఒకేసారి అన్న మాట ఆ వారంలో అదొక్కటే.

*

సైకిళ్ళ దుకాణం పైన మూడో అంతస్తులో ఉంది ఆ పత్రిక ఆఫీసు. ఇంటికి కొనుక్కునే యంత్రాలనీ పరికరాలనీ వాడి చూసి, మంచీ చెడూ రాసే పత్రిక అది. అతను అక్కడ చాలాకాలంగా రాస్తున్నాడు. ఆమె ఈ ఒక్క వ్యాసం కోసం బయటి నుంచి వచ్చింది. వేలితో తాకి వాడే టాబ్లెట్లలో ఒకేసారి రెండు మూడు పనులు చేసుకోవాలంటే ఎవరి పద్ధతి మేలు? ఇదీ విషయం.

"ఈయనకి ఒకసారికి ఒక్క పనే," అన్నారు ఎడిటర్ గారు. "నీకు ఒకేసారికి పది. మీ ఇద్దరూ ఒప్పుకున్న మాట ఏదైనా ఉంటే, అది లోకంలో అందరికీ పనికొస్తుంది."

మూడు టాబ్లెట్లూ మూడు రకాల మనుషుల్లా ఉండేవి. తెల్లదానికి హద్దులు ముఖ్యం. తెరని నిలువునా రెండు చేసి, ఈ సగం నీది, ఆ సగం ఆవిడది అని పంచిపెట్టేది. నల్లదానికి హద్దులంటేనే గిట్టదు. దానిలో విండోలు తెర మీద తేలుతూ ఉండేవి. ఎక్కడికైనా లాగొచ్చు, పెంచొచ్చు, కుదించొచ్చు, ఒకదాని మీద ఒకటి పడేయొచ్చు. బూడిదరంగుది మహా మర్యాదస్తురాలు. చేస్తున్న పనిని మధ్యలో కూర్చోబెట్టి, మిగతావాటిని ఎడమ అంచున చిన్న చిన్న బొమ్మలుగా వరసలో నిలబెట్టేది. పిలిస్తే వస్తాయి.

"ముందు ఒక సంగతి చెప్పండి," అంది ఆమె. "మీ సొంత టాబ్లెట్ ఎలా వాడతారు?"

"ఒక యాప్ తెరుస్తాను. పనయ్యాక మూసేస్తాను. ఇంకోటి తెరుస్తాను."

"మరి ఒకదాంట్లోది చూసి ఇంకోదాంట్లో రాయాల్సొస్తే?"

"గుర్తుపెట్టుకుంటాను."

"ఫోన్ నంబరైతే?"

"సగం గుర్తుపెట్టుకుని వెళ్ళి రాసి, మిగతా సగానికి మళ్ళీ వస్తాను."

ఆమె నవ్వు ఆపుకోవడానికి చాలా ప్రయత్నించింది. పాపం, కుదరలేదు. "ఇంకేం, ఈ రోజు నుంచి మీరు ఫుల్‌స్క్రీన్ గారు."

"మీ తెర మాత్రం సంతలా ఉంటుందండీ. ఎవరి అరుపు ఎవరిదో తెలీదు."

"సంతలోనే కదండీ అన్నీ దొరికేది?"

సాయంత్రానికి ఆఫీసంతా వాళ్ళని ఫుల్‌స్క్రీన్, సంత అనే పిలవడం మొదలుపెట్టింది. కింద సైకిళ్ళ దుకాణం ఆయన కూడా, "ఫుల్‌స్క్రీన్ బాబు వచ్చేశాడమ్మా, మీదే ఆలస్యం" అని చెప్పి పంపేవాడు.

ఒకరోజు ఉన్నట్టుండి వాన కొట్టింది. కిటికీ తీసే ఉంది. జల్లు వచ్చి నల్ల టాబ్లెట్ మీద పడింది. పడ్డ ప్రతి చినుకునీ అది వేలే అనుకుంది. ఒక విండో కుడివైపుకి జరిగింది, ఇంకోటి పెద్దదైంది, కాలిక్యులేటర్ తనంతట తనే తెరుచుకుని ఏదో కూడిక మొదలుపెట్టింది.

"చూశారా, వానకి కూడా నల్లదే నచ్చింది!" అంది ఆమె చప్పట్లు కొట్టి.

అతను లేచి కిటికీ మూయబోయి నిలువునా తడిశాడు. ఇటు తిరిగేసరికి ఆమె టాబ్లెట్లు తుడిచే మెత్తటి గుడ్డ చేతికిచ్చింది.

"ఇది తెరలు తుడిచేదండీ."

"మొహం కూడా తెరలాంటిదే. తుడుచుకోండి, ఏమీ కనిపించట్లేదు."

అతను తుడుచుకున్నాడు. ఆమె చూపు ఎందుకో వెంటనే కాలిక్యులేటర్ వైపు తిరిగింది. వాన చేసిన కూడిక సరిగ్గా ఉందో లేదో అప్పుడే చూడాలన్నట్టు.

ఆ రోజు నుంచి అతని పనితీరు మారింది. వాషింగ్ మెషిన్ గురించి ఒక్క పూటలో రాసి ఇచ్చిన మనిషి, ఈ వ్యాసాన్ని కదలనివ్వలేదు. ఎడమచేతి వాటం వాళ్ళ సంగతి చూడొద్దా అన్నాడు. చూశారు. చేతికి తొడుగులు వేసుకునేవాళ్ళ సంగతేమిటన్నాడు. అదీ చూశారు. పడుకుని చదివేవాళ్ళు, నడుస్తూ వాడేవాళ్ళు, పిండి చేతులతో తాకేవాళ్ళు. విచిత్రం ఏమిటంటే, ప్రతిదానికీ అడ్డం తిరిగే ఆమె ఈ విషయంలో మాత్రం ఒక్కసారి కూడా కాదనలేదు. "నిజమే, అది చూడకుండా ఎలా రాస్తాం?" అనేది.

కారణం అతనికి తెలుసు, కనీసం తన వైపు కారణం. వ్యాసం అచ్చుకి వెళ్ళిన మర్నాటి నుంచి ఆమెకి ఈ మెట్లు ఎక్కే పని ఉండదు. పైగా ఇంకో ఊళ్ళో ఒక పెద్ద కంపెనీ ఆమెని ఉద్యోగానికి రమ్మంది. వచ్చే శుక్రవారంలోగా అవునో కాదో చెప్పమంది. ఆలోగా అతను ఒక మాట చెప్పాలి. ఆ మాట ఏమిటో అతనికి క్షుణ్ణంగా తెలుసు. అయితే అతనిది ఒకసారికి ఒకటే పని కదా. పని గురించి మాట్లాడుతుంటే మనసులో మాట రాదు. మనసులో మాట పెదవి దాకా వచ్చేసరికి ఆమె తెల్లదాని గురించో నల్లదాని గురించో ఏదో ఒకటి అడుగుతుంది.

చివరికి ఎడిటర్ గారే పిలిచారు. "నాయనా, పిండి చేతులు చాలు. ఇవి నిజంగా అవసరమైన మనిషి ఎవరైనా ఉన్నారా, ఒక్కరు? పని గడవాలంటే రెండు విండోలు తప్పనిసరైన వాళ్ళు?"

అతను ఆలోచిస్తూ నిలబడ్డాడు. ఆమె మాత్రం ఆలోచించలేదు.

"మా నాన్న," అంది.

*

ఆ ఆదివారం అతను మూడు టాబ్లెట్లూ సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. నాలుగో అంతస్తులో రెండు గదులు. బాల్కనీలో కుండీలు, పక్కన ఒక వాలుకుర్చీ, అందులో పెద్దాయన. ముప్పై ఏళ్ళు అచ్చు యంత్రాల మధ్య పనిచేసి, ఆ హోరుకి రెండు చెవులూ అప్పగించి వచ్చిన మనిషి. ఇప్పుడు ఎవరు మాట్లాడినా ఆ మాటల్ని అక్షరాలుగా మార్చి చూపించే యాప్ ఒకటి ఆయన టాబ్లెట్‌లో ఎప్పుడూ తెరిచి ఉంటుంది. వచ్చినవాళ్ళ కాలరుకి చొక్కా గుండీ అంత మైకు తగిలించడం ఆ ఇంట్లో మంచినీళ్ళు ఇవ్వడం లాంటి మర్యాద.

ఆమె వచ్చి అతని కాలరుకి మైకు తగిలించింది. అంత దగ్గరగా నిలబడటంతో అతను ఊపిరి తీసుకోవడం వాయిదా వేశాడు.

"నమస్కారం బాబాయ్ గారూ."

ఆ మాట ఒక క్షణం ఆగి టాబ్లెట్ మీద తేలింది. పెద్దాయన చూపు అతని మొహం మీంచి అక్షరాల మీదికి, మళ్ళీ మొహం మీదికి వచ్చింది. అప్పుడు గది నిండేంత గొంతుతో, "రా బాబూ! ఫుల్‌స్క్రీన్ అంటే నువ్వేనా?" అన్నాడు.

మాటకీ జవాబుకీ మధ్య ఆ చిన్న ఎడం కొత్తవాళ్ళకి ఇబ్బందే. అతనికి మాత్రం ప్రాణం హాయిగా ఉంది. తను ఆలోచించుకునేదాకా ఆగే మనిషి ఎన్నాళ్ళకి దొరికాడు!

పెద్దాయనకి రోజూ చదరంగం ఆడే అలవాటు. ప్రెస్సులో తోటి పనివాడు ఎక్కడో దూరంగా ఉంటాడు. టాబ్లెట్‌లోనే ఇద్దరూ ఎత్తులు వేసుకుంటారు. అంటే ఈయనకి తెర మీద ఎప్పుడూ రెండు కావాలి. ఆట ఒకటి, ఇంట్లో వాళ్ళ మాటలు ఒకటి.

ముందు తెల్లది ఇచ్చారు.

"బావుంది. మధ్యలో గోడ కట్టి ఇచ్చినట్టుంది. అటు మీ కబుర్లు, ఇటు నా రాజ్యం," అన్నాడాయన. "కాకపోతే రాజ్యం కుంచించుకుపోయింది. మంత్రి ఎవడో శకటు ఎవడో తెలియాలంటే కళ్ళజోడు మార్చాలి."

తర్వాత నల్లది. మాటల విండోని బోర్డు మీద ఒక మూలకి లాగి పెట్టుకున్నాడు. కూతురు ఏదో చెబుతూ పోయింది, విండో నిండుతూ పోయింది.

"అమ్మడూ, నా ఏనుగేదీ?"

"నా మాటల కింద ఉంది నాన్నా."

అక్షరాలు వచ్చేదాకా ఆగి చదువుకుని, "నీ మాటల కింద పడ్డ ఏనుగు ఇక లేవదులే," అన్నాడు.

బూడిదరంగు దాని దగ్గర ఎక్కువసేపు పట్టింది. బోర్డుని తాకితే మాటలు అంచుకి తప్పుకునేవి, మాటల్ని తాకితే బోర్డు తప్పుకునేది. పెద్దాయన విసుగ్గా మాటల విండోని పైకి తోసేశాడు. అది చిన్న బొమ్మై అంచున నిలబడి, లోపల అక్షరాలు కదుపుతూనే ఉంది.

"దీనికి మర్యాద ఎక్కువైంది. పిలిస్తే గానీ రాదు, పొమ్మంటే పోదు."

అతను ఆ మాట రాసుకున్నాడు. తెల్లదాంట్లో విండోని పైకి తోస్తే మూసుకుపోతుంది, బూడిదరంగు దాంట్లో మూసుకున్నట్టే కనిపిస్తుంది గానీ పనిచేస్తూనే ఉంటుందని, పాఠకుడు జాగ్రత్తగా ఉండాలని రాసి, కింద గీత కూడా గీశాడు.

వెళ్ళేటప్పుడు ఆమె మెట్ల దాకా వచ్చింది.

"టాబ్లెట్లు రాకముందు మా ఇంట్లో పలక ఉండేది," అంది. "ఎవరేం మాట్లాడినా అమ్మ దాని మీద రాసి నాన్నకి చూపించేది. అమ్మ పోయాక నేను. అందుకే ఒక్కదాన్నే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. ఎవరితో మాట్లాడుతున్నా సగం కన్ను నాన్న చదువుతున్నాడా లేదా అని అటే ఉంటుంది. ఆ విండో ఒక్కటి మూసుకుపోతే నాన్న మా మాటల్లోంచి లేచి బయటికి వెళ్ళిపోయినట్టే."

అతను మెట్టు మీద ఆగిపోయాడు. "ఆ రోజు నేను అన్నీ మూసేసినందుకు..."

"మీ కాఫీ తాగేశానుగా. చెల్లు."

*

గురువారం వచ్చింది. "రేపు పొద్దున నా బల్ల మీద వ్యాసం లేకపోతే ఆ రెండు పేజీలూ తలనూనె ప్రకటనకి ఇచ్చేస్తాను," అన్నారు ఎడిటర్ గారు. అన్నారంటే ఇస్తారు.

ఆఖరి మాట ఒక్కటే మిగిలింది. మూడింట్లో ఏది కొనుక్కోమని చెప్పాలి? పెద్దాయన దగ్గర ఇంకోసారి చూసి తేల్చుకుందామని సాయంత్రం వాళ్ళింట్లోనే కూర్చున్నారు. తేలలేదు. అతను తెల్లదంటే ఆమె నల్లదంది. ఆమె మెత్తబడి తెల్లది అనేలోపు అతను మెత్తబడి నల్లదన్నాడు.

"ఇంక నాకు కాఫీ పడాలి. పాలు లేవు," అని ఆమె గొడుగు తీసుకుని కిందికి వెళ్ళింది. బయట సన్నగా వాన.

పెద్దాయన ఆట సగంలో ఉంది. ఒళ్ళోని బూడిదరంగు టాబ్లెట్‌లో మాటల విండో బోర్డుకి అడ్డంగా ఉంది. పాపం, ఆయన్ని కాసేపు ప్రశాంతంగా ఆడుకోనిద్దామనుకున్నాడు అతను. అడిగి, ఆ విండోని పైకి తోసి, బోర్డు పెద్దది చేసి చేతికిచ్చాడు. ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. తను గీత గీసుకున్న వాక్యం ఆ నిమిషంలో తనకే గుర్తులేదు. కాలరుకి మైకు ఉందన్నది అసలే గుర్తులేదు.

కప్పులు కడుగుతుంటే చొక్కా జేబులో ఫోన్ మోగింది. తడి వేలితోనే స్పీకర్ నొక్కి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. అక్క.

"ఏరా, చెప్పావా?"

"లేదక్కా."

"ఇవాళ గురువారం."

"తెలుసక్కా."

"రేపు ఆ అమ్మాయి అక్కడికి వస్తానని చెప్పేస్తే?"

"చెప్పనీ. మంచి ఉద్యోగం అక్కా. దానికి నేను అడ్డుపడి, ఉండిపొమ్మంటే ఏం బావుంటుంది?"

"ఉండిపొమ్మనమని ఎవరన్నారు నిన్ను? నచ్చావని చెప్పమన్నాను. రెండూ ఒకటేనా మొద్దబ్బాయ్? అసలేం నచ్చిందో అదైనా తెలుసా నీకు?"

అతను కుళాయి కట్టేశాడు. ఒకసారికి ఒక పనే.

"తెలుసక్కా. వాళ్ళ నాన్నకి నవ్వొచ్చే మాట ఎవరైనా అన్నారనుకో, తనకి ముందే అర్థమవుతుంది కదా, కానీ నవ్వదు. అక్షరాలు వచ్చి ఆయన చదివేదాకా ఆగుతుంది. ఆయనతో కలిసి నవ్వుతుంది. ఆ ఆగడం చూసినప్పటి నుంచి నాకు ఇంకే పనీ చేతకావడం లేదు. ఆ వ్యాసం కూడా నేనే సాగదీస్తున్నాను. పిండి చేతులతో టాబ్లెట్ ఎవడు వాడతాడక్కా!"

"బాబూ!"

కడిగిన కప్పులు గలగలమన్నాయి. పెద్దాయన గొంతు.

అతను గదిలోకి వెళ్ళి చూశాడు. చదరంగం ఎక్కడో అంచున చిన్న బొమ్మై నిలబడి ఉంది. తెర మధ్యలో మాటల విండో, పెద్ద పెద్ద అక్షరాలు. చివరి వాక్యం పిండి చేతుల గురించి.

"అయ్యో," అన్నాడు అతను.

ఒక క్షణం ఆగి "అయ్యో" అని తెర మీద కూడా వచ్చింది.

"మూశాననుకున్నావు," అన్నాడు పెద్దాయన. "మూసుకోలేదు. అంచున ఏదో కదులుతుంటే ఏమిటా అని నొక్కాను."

"క్షమించండి బాబాయ్ గారూ..."

"నేనే అడగాలి బాబూ క్షమాపణ. మొదటి మాట దగ్గరే ఆపేయాల్సింది. కానీ చెవులు లేనివాడికి చాటుగా వినే యోగం జన్మకోసారి పడుతుంది. వదల్లేకపోయాను." ఆయన మొహంలో పశ్చాత్తాపం కోసం వెతికితే దొరికేలా లేదు. "ఇప్పుడు రెండు మాటలు విను. ఒకటి, ఆ బాబాయ్ అనడం ఆపు. వరస చెడుతుంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "రెండోదండీ?"

"రెండోది, అమ్మడు మెట్లెక్కుతోంది. నేల అదురుతోంది, నా కాళ్ళకి తెలుస్తుంది."

తలుపు తెరుచుకుంది. గొడుగు ఉన్నా సగం తడిసిన మనిషి, చేతిలో పాల ప్యాకెట్. ఆమె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏమైంది? దొంగల్లా చూస్తున్నారు?"

"నాకేం తెలీదు," అన్నాడు పెద్దాయన ఇల్లంతా వినబడేలా. "నేను చూడను కూడా." అని టాబ్లెట్‌ని బల్ల మీద బోర్లా పెట్టేసి, వాన చూస్తున్నట్టు బాల్కనీ వైపు తిరిగాడు.

ఆ వెనక్కి తిరిగిన తలని అతను చూశాడు. వేళ్ళు కాలరు దగ్గరికి వెళ్ళాయి, మైకు తీసేద్దామని. తీసేస్తే చెప్పడం ఎంతో తేలిక. ఇద్దరి మధ్య మాట ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. కానీ ఆయన ఈ గదిలోనే ఉండి గదిలో లేనట్టవుతుంది. అతను చెయ్యి దించాడు. బోర్లా ఉన్న టాబ్లెట్‌ని తీసి, నిలబెట్టి, పెద్దాయన భుజం తట్టి, తెర ఆయన వైపు తిప్పి పెట్టాడు.

ఆమె అది చూసింది. పాల ప్యాకెట్‌ని ఎక్కడ పెట్టాలో మర్చిపోయి అలాగే పట్టుకుని నిలబడింది.

"మీకొక మాట చెప్పాలండీ," అన్నాడు. "టాబ్లెట్ల గురించి కాదు."

"అయితే చాలా పెద్ద మాటే."

"మధ్యలో ఏమీ అడగొద్దు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను. మీరంటే నాకు ఇష్టం. మీరు ఆ ఉద్యోగానికి వెళ్ళాలి. ఆ ఊరికి రైళ్ళున్నాయి, నాకు సెలవులున్నాయి. మిమ్మల్ని ఆపడానికి చెప్పడం లేదు. తెలియకుండా వెళ్ళిపోతారేమోనని చెబుతున్నాను. అంతే. అయిపోయింది."

మాటలన్నీ ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. పెద్దాయన కళ్ళు వాటి వెంట నడిచాయి. ఆమె అతనికి జవాబు చెప్పలేదు. ఆగింది. తండ్రి చివరి అక్షరం దాకా చదివి తలెత్తేవరకు ఆగింది.

అప్పుడు అంది: "ఆ కంపెనీ వాళ్ళతో సోమవారమే మాట్లాడాను. ఇక్కడే ఉండి పని చేసుకోవచ్చట. నెలకో వారం వెళ్ళొస్తే చాలట."

"సోమవారమా? మరి నాకు చెప్పలేదే!"

"ఉండిపొమ్మంటారేమోనని చూశాను."

"వెళ్ళమని చెప్పానే ఇప్పుడు!"

"అందుకే ఉంటున్నాను."

ఇంతలో పెద్దాయన తెర వైపు కళ్ళు చికిలించి, "ఇదెవరు? 'ఒరేయ్, ఏమందిరా, ఏమందిరా' అంటున్నారు," అన్నాడు.

ముగ్గురూ అతని చొక్కా జేబు వైపు చూశారు. అన్నీ మూసేసే మనిషి ఫోన్ కట్టేయడం మర్చిపోయాడు.

ఆమె చనువుగా ఆ ఫోన్ అందుకుని, "ఒప్పుకుందటండీ వదినగారూ," అంది. అవతలి నుంచి వచ్చిన కేక టాబ్లెట్‌కి అర్థం కాలేదు. తెర మీద చుక్కలు మాత్రమే వచ్చాయి. ఆ చుక్కలు చూసి ముందు పెద్దాయన నవ్వాడు. తర్వాత అందరూ.

"కానీ ఒక షరతు," అంది ఆమె నవ్వు ఆగాక, మొహం కాస్త గట్టిగా పెట్టి. "నాన్న ఎక్కడుంటే నేనక్కడ."

"నేనూ అక్కడేనండీ. నాకు ఇంట్లో మాట్లాడటానికి ఇంకెవరున్నారు? అయితే మావయ్యగారి దగ్గర చదరంగం మాత్రం నేర్చుకుంటాను."

పెద్దాయన ఆ "మావయ్యగారు" అన్న మాటని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి, తుడవాల్సిన అవసరం లేకపోయినా చాలాసేపు తుడిచాడు. "ఇంకా 'అండీ' ఏమిట్రా దానితో," అన్నాడు తుడుస్తూనే, "అది నీ కాఫీ ఎప్పుడో తాగేసిందట కదా."

కాఫీ వచ్చింది. మూడు కప్పులు. వ్యాసం మాత్రం ఇంకా మిగిలే ఉంది, ఎడిటర్ గారికి పొద్దున్నే కావాలి. ఆమె కుర్చీ తెచ్చి అతని పక్కన వేసుకుంది. ఇద్దరూ ఒకే తెర మీదికి వంగారు. ఏది కొనాలన్న గొడవ ఇప్పుడు ఎంత వెతికినా దొరకలేదు. నువ్వు చూస్తున్న విండో ఎలా ఉందన్నది కాదు, చూడని విండో ఏమవుతుందో కనుక్కుని కొనుక్కో అని రాశారు. ఆపైన తెల్లదాని మంచి చెడ్డలు, నల్లదాని మంచి చెడ్డలు వరసగా వచ్చేశాయి.

బూడిదరంగు దాని దగ్గర అతని వేలు ఆగింది.

"ఏం?" అంది ఆమె.

"పైకి తోసినా మూసుకోకపోవడం ఉంది కదా. అది మంచిలో రాయాలా, చెడులో రాయాలా?"

"నువ్వేమంటావు?"

"చెడే. పాఠకుడికి అబద్ధం చెప్పకూడదు."

"రాయి మరి."

అతను రాశాడు. మూసినట్టే కనిపించి మూసుకోకపోవడం ఈ టాబ్లెట్‌లో పెద్ద లోపం, దీనివల్ల వాడేవాళ్ళకి చిక్కులు తప్పవు అని.

ఆమె అతని చేతి మీదుగా వంగి, ఆ వాక్యం చివర ఇంకో రెండు మాటలు చేర్చింది: అందరికీ కాదు.